అక్షింతలు పడ్డ గిటారు

మా లిఖితకు కుడిచేతి గోళ్లు పొడుగు, ఎడమచేతి గోళ్లు పొట్టి. గిటారు వాయించేవాళ్లకు అలాగే ఉండాలట. ఎడమచేత్తో తీగలు నొక్కాలి కాబట్టి అటు గోరు పనికిరాదు, కుడిచేత్తో మీటాలి కాబట్టి ఇటు గోరు కావాలి. ఆ చేతులు చూసినప్పుడల్లా మా ఆవిడ సుబ్బరత్నం గొణిగేది. ఏడాదిలో రెండు నెలలు మాత్రం మెచ్చుకునేది. భద్రాద్రి రాముడి కల్యాణానికి గోటి తలంబ్రాలు ఒలిచే రోజులవి. వడ్లను దంచకుండా, మిల్లుకు వెయ్యకుండా, ఒక్కొక్క గింజనూ గోటితో ఒలిచి, విరగని బియ్యం స్వామికి పంపుతారు. బూర్గంపాడులో మా వీధి ఆడవాళ్లంతా మా వసారాలోనే కూర్చుని ఒలిచేవారు. అందరికన్నా మా పిల్లే గిద్దెడు ముందుండేది.

"గిటారు గోళ్లు స్వామికి పనికొచ్చాయి కదమ్మా, ఇంక తిట్టకు," అనేది తల్లితో.

ఈ ఏడు మాఘంలో వడ్ల చాటలు మళ్లీ మా వసారాలోకి వచ్చాయి. పిల్ల లేదు.

చర్ల అవతల ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచరుగా చేసేది. నిరుడు భాద్రపదంలో జ్వరం వచ్చింది. గోదారి పొంగి దారులు తెగి ఉన్నాయి. "మామూలు జ్వరమే నాన్నా, గోళీ వేసుకున్నాను," అంది ఫోన్‌లో. నాలుగో రోజు భద్రాచలం దవాఖానాకు తెచ్చేసరికి పిలిస్తే పలకలేదు. ఇరవై నాలుగేళ్లు.

పెళ్లికాని పిల్లకు ఏడాది సూతకం లేదన్నారు మా పంతులుగారు. పదకొండు రోజులు దాటాక ఇంట్లో దీపం పెట్టుకోవచ్చు, గుడికీ భజనకూ రావచ్చు అన్నారు. శాస్త్రం తెలిసినవారు, నేను ఏడో తరగతి చదివినవాణ్ణి. కాదనలేదు. పన్నెండో రోజు పొద్దున పశువుల కొట్టంలో పేడ ఎత్తుతూ, ఈ పదకొండు ఎవరు లెక్కేశారో, వాళ్లకూ పిల్లలుండేవారో లేదో అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను. చెయ్యి కడుక్కుని దీపం పెట్టాను.

మా రామాలయం భజన మండలికి ఇరవై ఏళ్లుగా నేనే ముందుపాట. నేనొక చరణం అంటే వెనక అందరూ అందుకుంటారు. పన్నెండు జతల తాళాలు, ఒక డోలక్. డోలక్ వాయించేదీ, ఊరికి మైకుసెట్టు కిరాయికిచ్చేదీ మంగీలాల్. ఎంత హోరులో ఉన్నా నేను కుడిచెయ్యి పైకెత్తితే అన్నీ ఆగాలి. అది మా పద్ధతి. ఆ చెయ్యి నేను హారతికి ముందు ఒక్కసారే ఎత్తుతాను.

నిరుడు ఉగాది సాయంత్రం లిఖిత గిటారు తెచ్చుకుని మండపంలో నా పక్కన కూర్చుంది. కూర్చుని వాయించింది. నాకు వినపడలేదు. ఎవరికీ వినపడలేదు.

"బిడ్డా, వేళ్లు కదులుతున్నయ్ గని సప్పుడేదే?" అన్నాడు మంగీలాల్. "టీవీల సౌండ్ బంద్ చేసినట్టున్నది."

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఇంటికొచ్చాక, "చిన్న ఆంప్లిఫయరు ఒకటి చూశాను నాన్నా. ఒళ్లో పెట్టుకునేంత ఉంటుంది. తీసుకుందామా?" అని అడిగింది.

"వినపడనిదాన్ని తేవడం, దానికి మళ్లీ గొంతు తేవడం ఎందుకమ్మా? ఇంట్లో వాయించుకో. స్వామి ముందు కచేరీలొద్దు," అన్నాను.

"సరే నాన్నా," అంది.

మర్నాటి నుంచి నవమి దాకా తను గిటారు తేలేదు. ఆడవాళ్ల దగ్గర కూర్చుని పానకంలో మిరియాలు కలిపింది. నేను కోపంగా అనలేదు, తను అలగలేదు. తండ్రీ కూతుళ్ల మధ్య రోజుకు పది జరిగే మాటల్లో అదొకటి. అందుకే నాకు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గిటారును మాత్రం సుబ్బరత్నం దేవుడి గదిలో పెట్టింది. రోజూ కొబ్బరినూనెతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. పక్కనే దీపం. శుక్రవారం సాంబ్రాణి వేసేది. పూజ అయ్యాక స్వామి మీద నాలుగు అక్షింతలు, గిటారు మీద నాలుగు. నిప్పులు తెచ్చి ధూపం పట్టింది నేనే.

*

మాఘం చివర్లో వనజ వచ్చింది. లిఖితతో అదే బడిలో పనిచేసే అమ్మాయి. చర్ల దాటాక అడవిలో వాళ్ల ఊరు. భద్రాచలంలో ఏదో ట్రైనింగు ఉంటే వచ్చి, మమ్మల్ని చూసిపోదామని గోదారి వంతెన దాటి ఇటొచ్చింది. చేతిసంచి నిండా కొత్త చింతపండు.

"మా నాయిన దూలయ్య పంపిండు చిన్నమ్మా. ఆయన చింతపండంటే మా దిక్కు పేరున్నది," అంది. ఏదో ఒకటి మాట్లాడాలని అన్న మాట.

వసారాలో ఆడవాళ్లు వడ్లు ఒలుస్తున్నారు. వనజ వాళ్ల మధ్య కూలబడి, ఊరికే కూర్చోలేనట్టు తనూ ఒక గింజ తీసింది. గోటితో ఇలా అంటే పొట్టు అలా ఊడింది. ఇంకొకటి తీసింది. సుబ్బరత్నం చాట కింద పెట్టి ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది.

"నీకూ కుడిచేతికే ఉన్నాయి గోళ్లు," అంది చివరికి.

"అవ్ చిన్నమ్మా. లిఖిత నేర్పింది. మూడు పాటలొస్తయ్, గంతే."

సుబ్బరత్నం ఆ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. వనజ రెండో చేత్తో గింజలు ఏరుతూ ఉంది. ఆ చేతికి గోళ్లు లేవు కాబట్టి ఒలవడం కుదరక, ఊరికే ఏరుతూ ఉంది.

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. "నవమికి వచ్చి మా మండపంలో ఒక్క పాట వాయిస్తావామ్మా? ఆ గిటారుతోనే?" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నిరుటి సంగతి దానికి తెలుసో తెలియదో నాకర్థం కాలేదు. "వాయిస్త బాబాయ్. ఏది గిటారు?" అంది.

దేవుడి గది గడప దగ్గర చెప్పులు లేని కాళ్లే ఇంకోసారి తుడుచుకుని లోపలికి వెళ్లింది. గిటారును చూసి ఆగింది. రెండు చేతులా ఎత్తి తీగల మీద ఒకసారి బొటనవేలు జార్చింది. తడి కట్టెను కొట్టినట్టు వినబడింది. సుబ్బరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. "బాగుంది చిన్నమ్మా," అని చెప్పి దాన్ని యథాస్థానంలో పెట్టింది వనజ.

బస్సు ఎక్కించడానికి వెంట వెళ్లాను. సగం దారిలో ఆగింది.

"చిన్నమ్మకు చెప్పకుండ్రి బాబాయ్. దీపం సెగకు దాని పొట్ట పగిలింది. నూనెకు తీగలు తుప్పు పట్టినయ్. కదిలిస్తే లోపల ఏందో గలగలమంటున్నది."

"ఆంప్లిఫయరు పెడితే వినపడుతుందా?"

వనజ బస్సు వచ్చే వైపు చూసింది. బస్సు వచ్చింది. మెట్టు మీద నిలబడి, "పెట్టి చూద్దాం," అంది.

*

ఫాల్గుణంలో, మిరప కోతకు కూలీలు రాని రోజొకటి చూసుకుని, గిటారును దుప్పట్లో చుట్టుకుని ఖమ్మం బస్సెక్కాను. బాగుచేయించి తెస్తానని మాత్రం సుబ్బరత్నంతో చెప్పాను. బస్సులో పక్క సీటతను, "వీణెనా?" అని అడిగాడు. గిటారన్నాను. "ఈ వయసుల గిదేం సోకు తాతా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో ప్రశ్న అడిగేవాడు.

హార్మోనియాలు, తబలాలు, బడిపిల్లల బ్యాండు డప్పులు ఉన్న చిన్న షాపు. బలరాం అని నలభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని ఉన్నాడు.

"ఆంప్లిఫయరు కావాలి. పెద్దది," అన్నాను.

"ఎంత పెద్దది సార్?"

నా నడుం ఎత్తున్న నల్ల డబ్బా ఒకటి మూలన ఉంది. దాన్ని చూపించాను. డోలక్‌నూ పన్నెండు జతల తాళాలనూ మించాలంటే అంతది ఉండాలనిపించింది.

"గది ఎలక్ట్రిక్ గిటారుది సార్. మీదేం గిటారు?"

దుప్పటి కొంచెం తొలగించాను.

"కట్టె గిటారు. దీని గొంతు దీని పొట్టలనే ఉంటది. వినుండ్రి." షాపులో వేలాడుతున్న అలాంటి గిటారే తీసి ఆ నల్ల డబ్బాకు తగిలించి వాయించాడు. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు మోగింది. నా చెవి దానంతటదే పక్కకు తిరిగింది. తర్వాత, బియ్యం డబ్బా అంత గోధుమరంగుది తెచ్చి దానికి తగిలించాడు. ఈసారి గిటారు ఎవరో మన పక్కన కూర్చుని వాయిస్తున్నట్టుంది. వేలు తీగ మీద జారే చప్పుడు కూడా వినబడింది.

"చిన్నదే," అన్నాను.

"చిన్నదే. గని ఉన్నది ఉన్నట్టు వినిపిస్తది. ఎంతమంది ముందర వాయిస్తరు?"

"రెండొందల మంది. భజన మండపం."

"ఎవరు వాయిస్తరు?"

"మా అమ్మాయి."

"కూసోని వాయిస్తదా, నిలబడా?"

"కూర్చుని." అది నాకు తెలుసు.

"పాడుకుంట వాయిస్తదా, ఒట్టిగ వాయిస్తదా? పాడితే మైకు గుచ్చే రంధ్రం వేరే ఉన్నది చూసుకోవాలె. ఒట్టిగ వాయిస్తే గది అక్కర లేదు."

నాకు తెలియలేదు. మండపంలో నా పక్కన కూర్చున్నప్పుడు తన పెదవులు కదిలాయా? నేను అటు చూడలేదు. ఇంట్లో తన గది తలుపు వేసుకుని వాయించేది. నేను ఇవతల పేపరు చదివేవాణ్ణి.

"పాపకు ఒకసారి ఫోన్ చేసి అడగరాదు?" అన్నాడు బలరాం.

ఫోను తీసుకుని షాపు బయటికొచ్చాను. వనజకు చేశాను. బడి విరామమేమో, వెనకాల పిల్లల గోల.

"లిఖిత పాడుతూ వాయించేదామ్మా?" అని అడిగాను.

ఆమె పక్కకు వచ్చినట్టుంది, గోల తగ్గింది.

"పాడేది బాబాయ్. రెండు రంధ్రాలున్నది కావాలన్నది. ఒకటి గిటారుకు, ఒకటి గొంతుకు. బ్యాటరీది కూడ కావాలన్నది. వానాకాలం మా బడిల కరెంటు ఉండదు గద. వెనక వరుస పిల్లలకు వినపడుతలేదని దాని బాధ."

"మరి భజనకోసం కాదా?"

"భజనకూ అన్నది. ముందుగల నాన్నకు వినిపిస్త, తర్వాత బడికి తెస్త అన్నది."

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఉత్తరీయంతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లాను. "పాడుతుంది. రెండు రంధ్రాలు కావాలి. బ్యాటరీది," అన్నాను. గోధుమరంగు డబ్బాకు మూడూ ఉన్నాయి. నిరుడు మా పిల్ల ఒళ్లో పెట్టుకునేంత అని చెప్పింది ఇలాంటిదే అయి ఉంటుంది.

గిటారు లోపల చప్పుడు పట్టే చిన్న బిళ్ల ఒకటి అతికించాలన్నాడు బలరాం. దుప్పటి పూర్తిగా తీశాడు. పసుపు, కుంకుమ, నూనె జిడ్డు, పొట్ట మీద వేలెడు పగులు. గిటారును బోర్లించి కదిలించాడు. గలగలమంది. ఇంకొంచెం వంచాడు. గుండ్రటి నోట్లోంచి పసుపు బియ్యం బల్ల మీద రాలాయి. కదిపినకొద్దీ రాలాయి. అక్షింతలు. ఐదు నెలల శుక్రవారాలు. కొన్నిటికి పురుగు పట్టింది. పిడికెడయ్యాయి.

బలరాం కళ్లద్దాలు కిందికి దించుకుని ఆ బియ్యాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. బల్ల మీద కాగితం పరిచి, ఒక్క గింజ కిందపడకుండా రెండు చేతులతో ఎత్తి అందులో పోశాడు. ఆ తర్వాత ఇంక "పాప" అనలేదు.

"నవమికి ఎవరు వాయిస్తున్నరు సార్?" అని అడిగాడు మెల్లగా.

"తన స్నేహితురాలు."

పగులుకు జిగురు పెట్టాడు. తీగలు మార్చాడు. బిళ్ల అతికించాడు. అన్నీ అయ్యాక, "ఒక మాట చెప్త, ఏమనుకోకుండ్రి," అన్నాడు. "గీ డబ్బా ఉన్నదాన్ని పెద్దగ చేస్తది. లేనిదాన్ని తేలేదు. గిటారు మునుపటి లెక్క మోగది. ఇంకొకటి. దీన్ని మైకుసెట్టు బాక్సుల ముందర పెట్టకుండ్రి, ఎక్కువ పెంచకుండ్రి. కూస్తది."

సరేనన్నాను.

*

ఇంటికెళ్లాక ఆ అక్షింతల పొట్లం సుబ్బరత్నానికి ఇవ్వాలా వద్దా అని దారంతా ఆలోచించాను. స్వామి పేర వేసిన అక్షింతలు ఎక్కడపడితే అక్కడ పారబోసేవి కావు. ఇచ్చాను.

విప్పి చూసింది. "ఇవెక్కడివి?"

"గిటారు లోపల ఉన్నాయి."

చేత్తో గింజలు కదిపింది. దీపాన్ని చూసింది, దీపం పక్కన గోడకు గిటారు ఆనించి ఉండే ఖాళీ చోటును చూసింది. పొగకు గోడ నల్లబడి, గిటారు ఉన్నంత మేరా తెల్లగా మిగిలింది.

"నేనా?" అంది. "పాడుచేసింది నేనేనా?"

"నువ్వు దీవించావు. అంతే," అన్నాను.

"దీవిస్తే పగులుతుందా?"

తను పురుగు పట్టినవి ఏరి తులసికోట మొదట్లో పోసింది, మంచివి పిచ్చుకలకు చల్లింది. గిటారును దేవుడి గదిలోకి తీసుకెళ్లలేదు. లిఖిత మంచం మీద పెట్టి, దుప్పటి కప్పింది.

ఆ తర్వాత నవమి దగ్గరపడే దాకా సుబ్బరత్నం వసారాలో వడ్లు ఒలుస్తూనే ఉంది. గోళ్లు అరిగి వేళ్లు కందిపోతే పసుపు రాసుకుని మళ్లీ కూర్చునేది. వెనకటిలాగే ఒలిచిన బియ్యం భద్రాచలం వెళ్లాయి. గిద్దెడు తక్కువ వెళ్లాయని ఎవరూ అనలేదు.

*

నవమినాడు ఊరంతా భద్రాచలం కల్యాణానికి పోతుంది కాబట్టి, ముందురోజు అష్టమి సాయంత్రమే మా మండపంలో పెద్ద భజన. వనజ పొద్దున్నే వచ్చి సుబ్బరత్నంతో పాటు వడపప్పు నానబోసింది. సాయంత్రం తలస్నానం చేసి, లిఖిత చీరొకటి సుబ్బరత్నం ఇస్తే కట్టుకుంది. పొడుగు సరిపోలేదు. చీలమండలు కనబడుతున్నాయి.

మండపంలో నా పక్కన ఆ పిల్ల, ఆ పిల్ల ముందు గోధుమరంగు డబ్బా. మంగీలాల్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గింతదా నారాయణన్నా! మా ఇంట్ల బెల్లం డబ్బ ఇంతకంటె పెద్దగుంటది."

"వినపడుతుంది లేవయ్యా."

"ఆగు, మైకుసెట్టుకు కలుపుత. అప్పుడు సారపాక దాకా వినపడాలె."

బలరాం చెప్పింది నాకు గుర్తుంది. గుర్తుండీ వద్దనలేదు. సారపాక దాకా వినపడాలనే నాకూ ఉంది. నిరుడు నవ్విన వాళ్లందరూ ఎదురుగా ఉన్నారు.

నాలుగు పాటలయ్యాక వనజ వంతు వచ్చింది. నేను నామం ఎత్తుకున్నాను, డోలక్ అందుకుంది, తాళాలు అందుకున్నాయి. వనజ వేళ్లు కదిలాయి. వినపడలేదు. మంగీలాల్ కొడుకు రమణ మైకుసెట్టు దగ్గర ఉన్నాడు. పెంచమని అతనికి సైగ చేశాను. పెంచాడు. ఇంకా అన్నాను. ఇంకా పెంచాడు. అప్పుడు కూసింది. చెవిలో సూది దింపినట్టు ఒక్కటే కూత. పిల్లలు చెవులు మూసుకున్నారు. పావురాలు గోపురం మీంచి లేచిపోయాయి. ఎవరో, "ఆపుండ్రి, ఆపుండ్రి!" అంటున్నారు. సుబ్బరత్నం ఆడవాళ్ల మధ్యలోంచి లేచి నిలబడింది.

వనజ వంగి గిటారుకు తగిలించిన వైరును పీకేసింది. కూత ఆగింది. భజన ఆగలేదు. ఏం జరిగినా ఆపకూడదని మా వాళ్లకు అలవాటు. తాళాలు మోగుతూనే ఉన్నాయి.

వనజ నా చెవి దగ్గరికి వంగింది. గట్టిగా అరిస్తేగాని వినపడని హోరు.

"బాబాయ్, ఇది ఇంతకంటె గట్టిగ కాదు! మీరే జర తగ్గుండ్రి!"

నేను కుడిచెయ్యి ఎత్తాను.

తాళాలు ఆగాయి. డోలక్ ఆగింది. హారతి ఇంకా కాలేదు కదా అని పంతులుగారు గర్భగుడిలోంచి తొంగి చూశారు. మండపంలో రెండొందల మంది ఊపిరి పీల్చుకునే చప్పుడు. వనజ గిటారును ఒళ్లో సర్దుకుని వాయించింది. ఏ వైరూ తగిలించలేదు. డబ్బా పక్కన ఊరికే ఉంది.

వినబడింది. చివరి స్తంభం దగ్గర కర్ర పట్టుకుని కూర్చున్న ఎర్రమ్మ ముసలిది కూడా తల తిప్పింది. మునుపటి గొంతు కాదేమో. పగిలిన చోట కొంచెం జీర పలుకుతోంది. మధ్యలో ఎక్కడో ఒక గింజ టిక్కుమంటోంది. కానీ వినబడింది.

ఆ రాగం నాకు తెలుసు. రోజూ పొద్దున్నే కొట్టంలో పేడ ఎత్తుతూ నేను రామనామం గొణుక్కునే రాగం. ఒకసారి లిఖిత పళ్లు తోముకుంటూ, "ఆ రాగం పేరేంటి నాన్నా?" అని అడిగింది. "పేరేముంది, పేడ రాగం," అన్నాను. పగలబడి నవ్వింది.

వనజ గొంతు విప్పింది.

"ఏడొకట్ల ఏడు... ఏడు రెళ్ల పద్నాలుగు..."

మంగీలాల్ నా వైపు చూశాడు. నేను వనజ వైపు చూశాను. వాయిస్తూనే, "ఇది భజన కాదు బాబాయ్, ఏడో ఎక్కం. మా పిల్లలకు ఏడో ఎక్కం వస్తలేదని ఆమె ఇట్ల కట్టింది," అని, మళ్లీ అందుకుంది. "ఏడు మూళ్ల ఇరవయ్యొకటి..."

ముందు వరుసలో ఒక చిన్నపిల్ల కిసుక్కున నవ్వి, తనూ అంది. ఇంకో ఇద్దరు అన్నారు. ముందుపాట అంటే వెనక అనడం అలవాటైన మండపం అది. ఏడు నాలుగుల ఇరవయ్యెనిమిదికి ఆడవాళ్లు అందుకున్నారు. మంగీలాల్ డోలక్ మీద చెయ్యి పెట్టాడు గాని వాయించలేదు. ఏడు పదుల డెబ్బయి దాకా పాడారు. స్వామి ఎదుట ఎక్కాలు పాడవచ్చో లేదో నాకు తెలియదు. పంతులుగారిని అడగలేదు. ఆయన హారతి పళ్లెం పట్టుకుని, అయ్యేదాకా నిలబడి ఉన్నారు.

నేను ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాను. పంతులుగారు హారతి తెచ్చి ముందు నిలబడితే, ఆ చేతినే దించి కళ్లకద్దుకున్నాను. చెయ్యెత్తడం ఎంత చిన్న పని. నిరుడు కూడా ఈ చెయ్యి నాకుంది.

*

కల్యాణం చూసుకుని, మర్నాడు వనజ బయల్దేరింది. బడి పరీక్షలున్నాయంది. ఆంప్లిఫయరును గోనెసంచిలో కట్టి ఇచ్చాను. వద్దనలేదు. "వెనక వరుసోళ్లకు వినపడుతది," అంది.

మేం ముగ్గురం భద్రాచలం బస్టాండుకు వెళ్లాం. కల్యాణానికి వచ్చిన జనం తిరిగి వెళ్తున్నారు. తలంబ్రాల పొట్లాలు కొంగులకు కట్టుకుని ఆడవాళ్లు బస్సుల వెంట పరుగెత్తుతున్నారు. దుప్పట్లో చుట్టిన గిటారు సుబ్బరత్నం చంకలోనే ఉంది. దాన్నీ తెస్తానంటే, బస్సు దాకా సాగనంపడానికేమో అనుకున్నాను.

చర్ల బస్సు వచ్చింది. వనజ ఎక్కి కిటికీ పక్క సీటు పట్టింది. సుబ్బరత్నం బస్సులోకి ఎక్కి గిటారును ఆ పిల్ల ఒళ్లో పెట్టింది.

"చిన్నమ్మా! ఇది ఇంట్ల ఉండాలె గద!"

"తీసుకుపో తల్లీ. ఇంట్లో ఉంటే నేను మళ్లీ అక్షింతలు వేస్తాను."

వనజ ఏదో అనబోయి, గిటారును సరిగ్గా పట్టుకుంది. కదలికకు లోపల టిక్కుమంది. చెవి దగ్గర పెట్టుకుని కదిపింది.

"ఇంకొకటున్నది లోపల. చర్లకు పోయినంక తీయిస్త."

"ఉండనీ," అంది సుబ్బరత్నం.

కండక్టరు దిగమని అరిస్తే దిగింది. బస్సు వెనక్కి కదిలి, మలుపు తిరిగి, జనంలోంచి మెల్లగా దారి చేసుకుంటూ పోయింది. నా పక్కన నిలబడి సుబ్బరత్నం తన కుడిచేతి గోళ్లు చూసుకుంటోంది. రెండు నెలలుగా వడ్లు ఒలిచిన గోళ్లు, అన్నీ అరిగిపోయి ఉన్నాయి.